మూసేసిన వార్డులో తడి నేల

"నాకేం తెలీదు మేడమ్" అంది పెద్ద సిస్టర్, ముచ్చటగా మూడోసారి.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచీ ఈ ప్రభుత్వాసుపత్రిలో ఎవరిని కదిపినా ఇదే పాట. వాచ్‌మన్‌కి తెలీదు, ఊడ్చే ఆమెకి తెలీదు, సూపరింటెండెంట్ గారు సెలవులో ఉన్నారు కాబట్టి ఆయనకి అసలే తెలీదు. మూసేసిన డయాలిసిస్ వార్డులో మంచం మీద ఒక పెద్ద అధికారి చచ్చిపడి ఉన్నాడు. ఆయన అక్కడికి ఎలా వచ్చాడో మాత్రం ఎవరికీ తెలీదు.

"సిస్టర్, ఈ వార్డు మూసేసి ఎన్నాళ్ళయింది?"

"ఏడాది దాటిందండి. కిడ్నీ రోగులందరికీ కార్డులిచ్చి ప్రైవేటు సెంటర్లకి పంపించేశారు. బడ్జెట్ లేదన్నారు. మమ్మల్ని తలా ఒక వార్డుకి సర్దేశారు."

"మరి ఈ పొద్దున్న మీరిక్కడ ఏం చేస్తున్నారు?"

"దుప్పట్లు తీసుకెళ్దామని వచ్చాను. పిల్లల వార్డులో చాలట్లేదు. తలుపు తీసేసరికి..." పెద్ద సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు నిజమైనదే. ఆ ఏడుపు చుట్టూ అల్లిన మాటలే అబద్ధం. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇన్‌స్పెక్టర్‌కి ఆ రెండిటి మధ్య తేడా బాగానే అలవాటైంది. తేడా తెలిసినంత మాత్రాన కేసు కదలదు, అదే ఆమె బాధ.

హెడ్ కానిస్టేబుల్ ఫోను చెవి నుంచి దించి దగ్గరికొచ్చాడు. ముఖం చూస్తేనే సంగతి అర్థమైంది.

"క్లూస్ టీమ్ రాదటా?"

"వస్తారట మేడమ్, వచ్చే వారం. వాళ్ళ బండికి టైర్లు శాంక్షన్ కాలేదట. ఈలోపు ఏదీ ముట్టుకోవద్దన్నారు."

"శవాన్ని కూడా వచ్చే వారం దాకా అలాగే ఉంచమన్నారా?"

"అది అడగలేదు మేడమ్" అన్నాడు హెడ్డు బుద్ధిగా.

ఇన్‌స్పెక్టర్ జవాబివ్వబోతుండగా వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. చప్పుడుని బట్టే మనిషి తెలిసిపోయాడు. ఆరోగ్యశాఖ విజిలెన్స్ అధికారి. ఎండైనా వానైనా చొక్కా మీద ఒక్క ముడత ఉండదు కాబట్టి స్టేషన్లో అందరూ ఆయన్ని ఇస్త్రీ అని పిలుచుకుంటారు. పాత కేసులు రెండింటిలో ఆమె తవ్వి తీసిన నిజాన్ని ఆయన తన ఫైల్లో పెట్టుకుని మెప్పు పొందాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే.

"మేడమ్ గారు ఇంకా విచారణలోనే ఉన్నారా?" అన్నాడు ఇస్త్రీ నవ్వుతూ. "నేను కారు దిగేలోపే నాకు కేసు అర్థమైపోయింది. చనిపోయిన ఆయన మా శాఖలో డయాలిసిస్ పథకం చూసే అధికారి. ఈ వార్డులు మూయించింది ఆయనే. మూసిన వార్డులో వీళ్ళేదో దొంగ వ్యవహారం నడుపుతుంటే ఆకస్మిక తనిఖీకి వచ్చాడు. పట్టుబడిపోయారు, ఏదో ఇంజెక్షన్ పొడిచేశారు. అంతే. ఈవిడ ఫోన్ ఇప్పుడే సీలు వేసి నా సంచిలో పెట్టుకుంటున్నాను. ఈవిణ్ణి కూడా తీసుకెళ్తాను."

"హత్యకేసులో అరెస్టు చేసేది పోలీసులు సార్. తమరి శాఖకి ఎప్పట్నుంచి ఆ అధికారం వచ్చింది?"

"పై నుంచి చెప్పించమంటారా?"

"చెప్పించండి. వాళ్ళు చెప్పేలోపు నేను నా పని చేసుకుంటాను. వార్డులోకి వస్తే బూట్లు విప్పి రండి."

"ఎందుకు?"

"నేల తడిగా ఉంది. ఏడాదిగా మూసేసిన వార్డులో నేల ఎందుకు తడిగా ఉందో తమరికి కారు దిగేలోపే అర్థమై ఉండాలే!"

ఇస్త్రీ ముఖంలో నవ్వు కాస్త నలిగింది.

వార్డు పొడుగాటి గది. కిటికీలకి లోపలి నుంచి నల్లటి రెక్సిన్ గుడ్డలు బిగించి ఉన్నాయి. తలుపు తాళం పాతదే, కానీ తాళంచెవి దూర్చగానే వెన్నలో కత్తిలా దిగింది. ఎవరో నూనె వేసి పోషిస్తున్న తాళం. గుమ్మం దగ్గరి మంచాల మీద దుమ్ము మేటవేసి ఉంది. చివరి నాలుగు మంచాల మీద మాత్రం లేదు. ఆ నాలుగింటి పక్కనా నాలుగు డయాలిసిస్ యంత్రాలు దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఒకదాని వెనక చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా తగిలింది.

దుప్పట్ల కోసం వచ్చానన్న పెద్ద సిస్టర్ ఆ యంత్రాల మీది దుప్పట్లు తీసుకెళ్ళాలన్న ఆలోచనే లేనట్టు గుమ్మంలోనే నిలబడిపోయింది.

శవం చివరి మంచం మీద ఉంది. మనిషికి యాభై దాటి ఉంటాయి. ఒంట్లో నీరు చేరిన ముఖం, పచ్చటి పాలిపోయిన రంగు. ఒంటి మీద పొడుగు చేతుల తెల్లచొక్కా. కుడి చేతి మణికట్టు దగ్గర గుండీ పెట్టి ఉంది. ఎడమ చేతికి పెట్టిలేదు. చొక్కా చెయ్యి కిందికే లాగి ఉంది గానీ, మోచేతి పైదాకా మడతలు పడిన గీతలు ఒకదాని కింద ఒకటి స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"సార్, మీకు ఇస్త్రీ గురించి బాగా తెలుసు కదా. ఇది చూసి ఏమర్థమైంది?"

"ఏది?"

"ఒక్క చెయ్యే మడుచుకున్నాడు. ఏ ఆఫీసరు ఒక్క చెయ్యి మడుచుకుని తనిఖీకి వస్తాడు? పోయాక ఎవరో మళ్ళీ కిందికి లాగారు. కంగారులో గుండీ మర్చిపోయారు."

"శవాన్ని ముట్టుకోకండి! సాక్ష్యం!" అని ఇస్త్రీ అరుస్తుండగానే ఆమె ఆ చొక్కా చెయ్యి పైకి మడిచేసింది. మోచేతి కింద రెండు చోట్ల దూదిపెట్టి ప్లాస్టర్ అంటించి ఉంది. ఆ రెండు ప్లాస్టర్ల మధ్య నరం తాడులా ఉబ్బి, మెలికలు తిరిగి ఉంది.

ఆమె ఆ చేతిని చాలాసేపు పట్టుకునే ఉంది. ఇలాంటి నరాన్ని ఆమె ఎరుగును. చిన్నప్పుడు మేనమామ ఒళ్ళో కూచుని ఆయన చేతికి చెవి ఆనిస్తే లోపల తేనెటీగలు తిరుగుతున్నట్టు రొద వినిపించేది. డయాలిసిస్ సూదులు గుచ్చడానికి డాక్టర్లు ఆపరేషన్ చేసి రెండు నరాలు కలిపిన చోటు అది. ఒక్కరోజులో తయారయ్యేది కాదు. నెలల తరబడి వారానికి మూడుసార్లు సూది పడితేనే నరం అలా అవుతుంది.

"ఈయన తనిఖీకి రాలేదు సార్. వైద్యానికి వచ్చాడు."

ఇస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "అసంభవం. ఈ వార్డులు దండగని నివేదిక రాసింది ఈయనే. ఆ నివేదిక నేను చదివాను."

"నేను నివేదిక చదవలేదు. చెయ్యి చూశాను" అని ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచింది.

వరండా చివర బల్ల మీద చనిపోయిన అధికారి భార్య కూచుని ఉంది. పక్కన మూతపెట్టిన టిఫిన్ డబ్బా, చేతిలో మడతపెట్టిన ఉన్ని దుప్పటి. బయట ఎండ మాడ్చేస్తోంది.

"అమ్మా, మీవారు ఎందుకొచ్చారు ఇక్కడికి?"

"తనిఖీకి అన్నారు."

"ఆ దుప్పటి ఎక్కడిది?"

"ఆయన కార్లోది. డ్రైవర్ తెచ్చిచ్చాడు."

"ఈ ఎండల్లో దుప్పటి పట్టుకుని తనిఖీకి వచ్చారా?"

ఆవిడ దుప్పటి అంచుకున్న పోగుల్ని వేళ్ళతో పేనుతూ కూచుంది. ఇన్‌స్పెక్టర్ ఆమె పక్కనే చతికిలబడింది. పొద్దుట్నుంచీ అరిచి అరిచి గొంతు పోయింది, ఇక అరిచే ఓపిక కూడా లేదు.

"మా మేనమామకి కూడా చలేసేది. మిషను మీద రక్తం బయటికెళ్ళి వచ్చేసరికి చల్లబడిపోతుందని చెప్పేవాడు. మే నెల్లో దుప్పటి కప్పుకునేవాడు. మేం పిల్లలం నవ్వేవాళ్ళం."

ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు.

"మా అత్తగారికి కూడా చెప్పనివ్వలేదండి. రోగమున్నవాడికి ఆ కుర్చీ ఇవ్వరు, తెలిస్తే మూల కూచోబెడతారని భయం. డిపార్టుమెంటు కార్డు మీద చూపించుకుంటే అందరికీ తెలిసిపోతుంది. బయట సెంటర్లకి వెళ్దామంటే వాళ్ళందరూ ఆయన చేతికింద వాళ్ళే. ఇంకెక్కడికి వెళ్తారు? ఇక్కడ పెద్ద సిస్టర్ గారు ప్రాణం పెట్టి చూసుకున్నారు. ఆవిణ్ణి ఏమీ అనకండి."

"ఎవరినీ ఏమీ అనాలని లేదమ్మా. నాకు నిజం చెప్పేవాళ్ళు ఒక్కరు దొరికితే చాలు."

ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడ్డ పెద్ద సిస్టర్ వింటూనే ఉంది. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదని ఆమెకి అర్థమైంది. వచ్చి గోడకి చేరగిలబడి నిలబడింది.

"కార్డులిచ్చి ప్రైవేటుకి పంపారు కదా మేడమ్, మొదట్లో బాగానే చూశారు వాళ్ళు. తర్వాత ప్రభుత్వం వాళ్ళకి బకాయిలు పెట్టింది. కార్డు పట్టుకెళ్తే మిషను పాడైందనో, మంచం లేదనో తిప్పి పంపడం మొదలెట్టారు. నా దగ్గర ఏళ్ళ తరబడి వైద్యం చేయించుకున్నవాళ్ళు, నా కళ్ళముందే ఊపిరాడక వరండాలో పడిపోతుంటే ఏం చెయ్యమంటారు? మిషన్లు లోపలే ఉన్నాయి. తాళం నా దగ్గరే ఉంది. మిషన్లకి నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు చూసేవాణ్ణి, నాకు తమ్ముడిలాంటివాణ్ణి, ఉద్యోగంలోంచి తీసేశారు, అయినా పిలిస్తే వచ్చాడు. మొదలెట్టేశాం. సామానంతా ఎమర్జెన్సీ కోటాలోంచి తెచ్చేదాన్ని."

"ఈయనకి ఎలా తెలిసింది?"

"కరెంటు బిల్లు. మూసేసిన వార్డులో కరెంటు ఎందుకు కాలుతోందని పట్టుకున్నాడు మహానుభావుడు. ఒకరోజు తలుపు తోసుకుని వచ్చేశాడు. మిషన్ల మీద నలుగురున్నారు. జైలుకి పంపిస్తానని అరిచాడు. అరిచి అరిచి ఆయాసంతో స్టూలు మీద కూలబడ్డాడు. ఆ ఆయాసం నాకు తెలుసు మేడమ్. ఆ పాలిపోయిన ముఖం, ఉబ్బిన పాదాలు, నోటి వాసన... 'సార్, మీరు డాక్టరుకి చూపించుకుని ఎన్నాళ్ళయింది?' అని అడిగాను. ఎక్కడో పొరుగూళ్ళో గుట్టుగా చేతికి ఆపరేషన్ చేయించుకున్నాడు. రెండు నెలలు తిరిగేసరికి నా ముందు చెయ్యి చాపుకుని పడుకున్నాడు."

"ఆ తర్వాత కరెంటు బిల్లు సంగతి?"

"మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆయనే ఎక్కడో సర్దేశాడు. పైకి మాత్రం ఈ వార్డు దండగనే రాసేవాడు. 'సిస్టర్, తెరిపించమని రాస్తే నా సంగతి బయటపడుతుంది, కాస్త ఓపిక పట్టండి' అనేవాడు. అందరం ఓపిక పట్టాం."

ఇస్త్రీ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అదిగో! నేరం ఒప్పుకుంది. ప్రభుత్వ సామాను దొంగతనం, లైసెన్సు లేని వైద్యం, ఒక అధికారి మరణం. ఇంకేం కావాలి మీకు?"

"ఆయన ఎందుకు చచ్చిపోయాడో కావాలి" అంది ఇన్‌స్పెక్టర్. "సిస్టర్, ఈ పొద్దున్న ఏం జరిగింది?"

"మిషను మీద గంటసేపు బాగానే ఉన్నాడు. తర్వాత నడుము పట్టేసిందన్నాడు, కడుపులో తిప్పుతోందన్నాడు. చెమటలు పట్టాయి. వెంటనే మిషను ఆపేసి సూదులు తీసేశాను. గుండెపోటు అనుకున్నాం. ఎమర్జెన్సీకి మోసుకెళ్దామనేలోపే..." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మిగతావాళ్ళని వెనక తలుపులోంచి పంపించేశాం. నేల కడిగేశాం. తప్పే."

"మిషనుకున్న ట్యూబులు ఎక్కడ పారేశారు?"

పెద్ద సిస్టర్ వార్డు వెనక చిన్నగది వైపు చూసింది. అది నీళ్ళ ప్లాంటు గది. హెడ్డు తలుపు తోశాడు. లోపల పెద్ద పెద్ద ట్యాంకుల మధ్య, బోర్లించిన బకెట్టు మీద ఒక మనిషి మోకాళ్ళలో తల దాచుకుని కూచుని ఉన్నాడు. ప్లాంటు చూసే తమ్ముడు అతనే. పక్కనే ఎర్ర ప్లాస్టిక్ సంచి.

ఇన్‌స్పెక్టర్ చేతులకి గ్లవుజులు తొడుక్కుని సంచిలోంచి ఒక ట్యూబు పైకి తీసి కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకుంది. ఆమెకి అందులో వింతేమీ కనిపించలేదు. రక్తమే కదా. కానీ వెనకాల పెద్ద సిస్టర్ ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది.

"అవతలి పక్కన మీ వేళ్ళు కనిపిస్తున్నాయి" అంది ఆమె.

"కనిపిస్తే?"

"రక్తంలోంచి వేళ్ళు కనిపించకూడదు మేడమ్. రక్తం చిక్కగా ఉండాలి. ఇది రంగునీళ్ళలా ఉంది. లోపల రక్తకణాలు పగిలిపోయాయి." ఆమె గిర్రున తిరిగి ఆ కూచున్న మనిషి భుజం పట్టి ఊపింది. "తమ్ముడూ! నీళ్ళేం చేశావురా? నిజం చెప్పు!"

అతను తలెత్తాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"బొగ్గు ఫిల్టరు మూసుకుపోయిందక్కా. పొద్దున్న చుక్క నీరు దిగలేదు. నలుగురూ వచ్చి కూచున్నారు. ఆయాసపడుతున్నారు. నెల రోజుల్నుంచి కొత్త బొగ్గు కావాలని మొత్తుకుంటున్నాను కదా! మూసిన వార్డుకి కొంటే ఆడిట్‌లో దొరికిపోతాం, వచ్చే నెల చూద్దామన్నారు సార్. ఈ ఒక్కరోజుకి ఏం కాదులే అని... ఫిల్టరుని దాటించి పక్క పైపులోంచి తిప్పాను."

ఇన్‌స్పెక్టర్‌కి సగమే అర్థమైంది. "బొగ్గు ఫిల్టరు ఏం చేస్తుంది?"

"కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ మందుని పీల్చేస్తుంది మేడమ్" అంది పెద్ద సిస్టర్. "మనం తాగితే ఏం కాదు. డయాలిసిస్‌లో అదే నీరు పలచటి పొర అవతలే రక్తం పక్కన పారుతుంది. కాస్త క్లోరిన్ దాటినా రక్తం పాడైపోతుంది."

ఇన్‌స్పెక్టర్ మూలనున్న కుళాయి తిప్పి దోసిట్లో నీళ్ళు పట్టింది. ముక్కు దగ్గరికి తెచ్చేసరికి ఘాటుకి కళ్ళు మండాయి.

"రోజూ ఇంత ఘాటుగానే ఉంటాయా?"

"లేదు మేడమ్" అన్నాడు తమ్ముడు. "నిన్నటి వానకి మెయిన్ పైపులోకి మురుగు కలిసిందట. పైపు మార్చడానికి నిధుల్లేవని మందు డోసు పెంచేశారు. ఆ సంగతి నాకు ఇందాకే తెలిసింది. కుళాయి వాసన చూసినప్పుడే నేను ఆపేసి ఉండాల్సింది. నేనే చంపేశానక్కా ఆయన్ని."

ఇన్‌స్పెక్టర్‌కి తల తీసుకెళ్ళి ఆ ట్యాంకుకేసి కొట్టుకోవాలనిపించింది. పొద్దుట్నుంచీ ఆమె హంతకుడి కోసం వెతుకుతోంది. దొరికింది మాత్రం ఉద్యోగం పోయినా జీతం లేకుండా వచ్చి పనిచేస్తున్న ఒక మనిషి. వాడికి సంకెళ్ళు వెయ్యాలి. మరి బొగ్గుకి వచ్చే నెల అన్నవాడు మంచం మీద ఉన్నాడు, పైపుకి నిధుల్లేవన్నవాళ్ళు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు.

ఇంతలో ఆమెకి ఒక్కసారిగా ఒక లెక్క గుర్తొచ్చింది.

"సిస్టర్! ఈ పొద్దున్న నలుగురన్నారు. మిగతా ముగ్గురూ ఎక్కడ?"

పెద్ద సిస్టర్ అప్పటికే కొంగు బిగించింది. "నా ఫోన్ కావాలి. వాళ్ళ నంబర్లు అందులోనే ఉన్నాయి. వెంటనే వెనక్కి పిలిపించాలి. రక్తం ఎక్కించాలి."

ఇస్త్రీ తన తోలుసంచిని చంకలో గట్టిగా ఇరికించుకున్నాడు. "ఫోన్ సీలు వేశాను. అది సాక్ష్యం. కోర్టులో తప్ప సీలు తెరవడానికి వీల్లేదు."

"ముగ్గురు మనుషులు చచ్చిపోతారు సార్."

"అదంతా ఈవిడ ఆడుతున్న నాటకమని రేపు తేలితే? నా ఉద్యోగానికి మీరు పూచీ ఉంటారా?"

"ఉండను" అని ఇన్‌స్పెక్టర్ ఆయన చంకలోంచి సంచి లాగేసింది. చొక్కా గుండీ ఒకటి తెగి నేలమీద దొర్లింది. ఆయన నోరు తెరిచేలోపే సీలు కవరు చిరిగి, ఫోన్ పెద్ద సిస్టర్ చేతిలో పడింది.

"దీనికి మీరు జవాబు చెప్పుకోవాలి!" ఇస్త్రీ గొంతు కీచుమంది.

"చెప్పుకుంటాను. రాసుకోండి, నా పేరు పక్కన పెద్ద అక్షరాలతో రాసుకోండి."

పెద్ద సిస్టర్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొట్టు నడిపే ముసలాయనకి కళ్ళు తిరుగుతుంటే ఇంట్లో పడుకుని ఉన్నాడు. "మీ కోడలికివ్వండి బాబాయ్, తొందరగా" అని కోడలితో మాట్లాడి ఆటో ఎక్కించింది. ట్యూషన్లు చెప్పే అమ్మాయి దార్లోనే వాంతి చేసుకుని తనంతట తానే ఎమర్జెన్సీకి తిరిగొచ్చిందని తెలిసింది. మూడో మనిషి, కుట్టుమిషను మేస్త్రీ, మొదట ఫోన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఆ తర్వాత మోగినప్పుడు, "ఏంటి సిస్టరమ్మా, అన్నం తింటున్నా" అన్న గొంతు వినగానే హెడ్డు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. మేస్త్రీకి సూదులు పెట్టేలోపే గొడవ మొదలవడంతో అతను మిషను ఎక్కలేదట. ఆ కంగారులో పెద్ద సిస్టర్‌కి అది గుర్తే లేదు.

అరగంట తిరిగేసరికి ఎమర్జెన్సీ డాక్టరు పరుగున వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, చెమటతో తడిసిపోయి ఉంది.

"సిస్టర్, రక్తం పగిలిన కేసులు రెండూ చేర్చుకున్నాను. ఎక్కిస్తున్నాం, ఫరవాలేదు. కానీ మూడో ఆవిడ పరిస్థితే బాగాలేదు."

"మూడో ఆవిడ ఎవరు?" అంది పెద్ద సిస్టర్. "మా మేస్త్రీ ఇంట్లో అన్నం తింటున్నాడు. మావాళ్ళు ఇద్దరేనమ్మా."

"మీ పేషెంటు కాదా? బస్టాండు దగ్గర ప్రైవేటు సెంటర్లో పొద్దున్న డయాలిసిస్ చేయించుకుని వచ్చిందట. అచ్చం ఇవే లక్షణాలు."

ఇన్‌స్పెక్టర్ ప్లాంటు తమ్ముడి వైపు తిరిగింది. "ఆ సెంటర్లకి మంచి ఫిల్టర్లు ఉంటాయి కదా?"

"ఉండేవి మేడమ్" అన్నాడు అతను మెల్లగా. "బిల్లులు రావట్లేదని వాళ్ళూ బొగ్గు మార్చడం మానేశారు. నన్ను పనికి పిలిచినచోట కళ్ళారా చూశాను."

అవే కుళాయిలు, అవే నీళ్ళు. ఊరంతా ఎన్ని సెంటర్లున్నాయో, ఒక్కొక్క దాంట్లో ఎన్ని మంచాలున్నాయో. మధ్యాహ్నం షిఫ్టుకి రోగులు ఈపాటికి చేరుకుంటూ ఉంటారు. ఇన్‌స్పెక్టర్ తలెత్తి ఇస్త్రీని చూసింది. కాసేపటి క్రితం గుండీ తెంపిన మనిషినే ఇప్పుడు బతిమాలాలి.

"సార్. సెంటర్లన్నీ ఆపించండి. ఇప్పుడే."

ఇస్త్రీ ముఖంలో మొదటిసారి రంగు మారింది. కక్ష తీర్చుకునే ఉద్దేశం అందులో లేదు, భయమే ఉంది. "నేను చెప్తే ఆపరు. మీరు చెప్పినా ఆపరు. ఉత్తర్వు లేకుండా షిఫ్టు ఆపితే పాత బకాయిలు వదులుకోవాలని ఒప్పందంలో ఉంది. పథకం అధికారి చెప్తేనే ఆపుతారు."

"ఆ అధికారికి ఫోన్ చెయ్యండి మరి!"

ఇస్త్రీ చివరి మంచం వైపు చూశాడు.

పైవాళ్ళకి చేసిన ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగి ఆగిపోయాయి. కార్యదర్శి బడ్జెట్ సమావేశంలో ఉన్నారు. బయటికొచ్చాక చెప్తామన్నాడు ప్యూను. ఇన్‌స్పెక్టర్ ఆ ఫోన్‌లోనే నాలుగు తిట్టి పెట్టేసింది. హెడ్డుకి జీపిచ్చి బస్టాండు సెంటరుకి తోలింది. మిగతా సెంటర్లకి పంపడానికి మనుషుల్లేరు.

"ఆయన ఫోన్ ఎక్కడుంది?"

అందరూ వెనక్కి తిరిగారు. చనిపోయిన ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఉంది. దుప్పటి భుజాన వేసుకుంది.

"సెంటర్ల వాళ్ళందరితో ఆయనకొక గ్రూపుంది. రోజూ అందులోనే ఆర్డర్లు వేస్తారు. తాళం నంబరు నాకు తెలుసు. ఆయన ఎలా రాస్తారో కూడా తెలుసు."

"అమ్మా, అది నేరం" అన్నాడు ఇస్త్రీ. కానీ ఆ మాటలో జోరు లేదు. ఇన్‌స్పెక్టర్ ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన రెక్సిన్ బిగించిన కిటికీ వైపు తిరిగి, కనిపించని వీధిని చూస్తూ ఉండిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ శవం జేబులోంచి ఫోన్ తీసి ఆవిడకిచ్చింది. ఆవిడ గబగబా టైపు చేసింది. నీళ్ళలో విషం ఉంది, డయాలిసిస్ తక్షణం ఆపండి, మిషన్ల మీద ఉన్నవాళ్ళని దించి ఆసుపత్రికి పంపండి, బకాయిలు పోవు, ఇది నా ఆదేశం. చివర ఆయన ఎప్పుడూ సంతకంలా పెట్టే రెండక్షరాలు పెట్టి పంపించింది.

అందరూ ఆ చిన్న తెర మీదికి వంగారు. క్షణం గడిచింది. 'సరే సార్' అని ఒక సెంటరు జవాబిచ్చింది. 'సరే సార్, ఆపేస్తున్నాం' అని ఇంకొకటి. తర్వాత వరసగా మరో మూడు. పెద్ద సిస్టర్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ పొద్దుట్నుంచీ మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడొచ్చింది ఇంకో మెసేజి.

'ఎవరు మీరు? సార్ ఈ పొద్దున్నే హత్యకి గురయ్యారని టీవీలో వస్తోంది. విజిలెన్స్ అధికారి చెప్తుంటే చూస్తున్నాం. ఈ ఫోన్ ఎవరి చేతిలో ఉంది? ఈ ఉత్తర్వు నమ్మి షిఫ్టు ఆపితే మా బకాయిలకి దిక్కెవరు?'

ఇస్త్రీ కిటికీ దగ్గర్నుంచి తిరిగాడు. "గేటు దగ్గర కెమెరాల వాళ్ళు అడిగారు..." అన్నాడు. మాట పూర్తి కాలేదు.

ఇన్‌స్పెక్టర్ వినడం లేదు. ఆమె చూపంతా ఫోన్ మీదే ఉంది. 'సరే సార్' అన్న జవాబుల్లో ఒకటి మాయమైంది. పంపినవాళ్ళే చెరిపేశారు. ఆ వెనకే రెండోది పోయింది. ఆ వెనకే మూడోది.